గెలిస్తే నా తెలివి, ఓడితే నా నసీబు

మే నెల ఆఖర్ల, ఇంగ్లండుల ఫుట్‌బాల్ సీజన్ అయిపోయిన ఆదివారం, నేను ఫోన్ తీస్కపోయి ఫ్రిజ్ మీద బోర్ల పడేసిన. దాని మొఖం చూడబుద్ధి కాలే. మా ఫాంటసీ లీగ్‌ల నేను కింది నుంచి రెండోణ్ని. పై నుంచి మొదటోడు మా బావ.

ఈ ఆట తెల్వనోళ్ళకు జర చెప్పాలె. ఆడ నిజంగ మ్యాచులు ఆడే ప్లేయర్లల్ల మనకు నచ్చినోళ్ళను ఏరుకొని ఫోన్ల ఒక టీమ్ కట్టుకుంటం. వాళ్ళు నిజం మ్యాచుల గోల్ కొడితే మన ఖాతల పాయింట్లు పడ్తయి. ఒకణ్ని కెప్టెన్ పెట్టుకుంటం, వాని పాయింట్లు రెండింతలు. వారానికి ఒకణ్ని తీసి ఇంకొకణ్ని పెట్టుకోవచ్చు, అంతకంటె ఎక్కువ మారిస్తే మన పాయింట్లు కట్టాలె. గంతే. పైసల ముచ్చట మా దాంట్ల లేదు. పోయేదంత ఇజ్జతే.

మా లీగ్‌ల ఉన్నోళ్ళందరం చిన్నప్పుడు చర్చి ఎనుక గ్రౌండ్ల ఫుట్‌బాల్ ఆడినోళ్ళమే. మెదక్‌ల గల్లీ గల్లీకి క్రికెట్ నడుస్తుంటే మేం మాత్రం గాలి తగ్గిన బాల్‌ను తంతనే పెరిగినం. ఇప్పుడు అందరికి పొట్టలొచ్చినయి, మోకాళ్ళు పోయినయి. ఇగ ఉరికేది లేదు, గందుకే ఫోన్ల ఆడుతున్నం. మొదలు పెట్టింది మా బావనే, అంటే మా అక్క మొగుడు. ప్రైవేట్ స్కూల్ల సోషల్ సార్. నాది బస్టాండ్ దిక్కు పోయే రోడ్డు మీద విత్తనాలు, ఎరువుల దుకాణం.

నేను ఓడిపోయినందుకు గాదు నా బాధ. ఓడిపోయిన తీరుకు. నా లెక్కల నేను ఓడలే, నన్ను ఒక్క శనివారం ముంచింది.

చలికాలం మొదట్ల ముచ్చట. ఆ ఏడు అందరికంటె ఎక్కువ గోల్స్ కొడుతున్న స్ట్రైకర్ ఒకడు ఉండె. మా లీగ్‌ల సగం మందికి వాడే కెప్టెన్. నాకు గూడ వాడే. అయితే ఒక మ్యాచుల వాడు తొడ ఎనుక పట్టుకొని మధ్యలనే బయటికొచ్చిండు. శుక్రవారం వాళ్ళ కోచ్ మైకుల ముందట కూసొని ‘ఏం కాలేదు, ఆడుతడు’ అన్నడు. ఆ కోచ్ అంతకుముందు వేరే ప్లేయర్ల ముచ్చట్ల గూడ గట్లనే అన్నడు, వాళ్ళు ఆడలే. నేను మస్తు ఆలోచన చేసి కెప్టెన్సీ తీసి ఇంకొకనికి ఇచ్చిన. బావ మార్చలే. ఆ శనివారం వాడు మూడు గోల్స్ కొట్టిండు.

నేను దుకాణంల ఉన్న. యాసంగి విత్తనాల గిరాకి. ఫోన్ తీస్తే బావ వాయిస్ మెసేజ్. పెట్టి విన్న. మాటల్లేవు, వట్టి నవ్వే. గట్ల ఎంతసేపు నవ్విండో, మధ్యల దగ్గొచ్చి ఆగిండు, మళ్ళ నవ్విండు. ఆముదం తాగినట్టయింది నాకు.

ఆ రోజు నుంచి సీజన్ అయిపోయేదాంక నేను ఎవరు కలిసినా అదే చెప్పిన. “నాకు ముందే తెల్సు, వాడు కొడ్తడని. మనసుల అనుకున్న గూడ, తియ్యొద్దు తియ్యొద్దని. ఎందుకో చెయ్యి పోయింది.” చెప్పంగ చెప్పంగ నాకు గూడ అదే నిజమనిపించింది. ఒకనాడు అన్నం తినుకుంట మళ్ళ అదే ఎత్తుకుంటే మా ఆమె గిన్నె కింద పెట్టి అన్నది, “ముందే తెల్సంటవేంది? ఆ పొద్దు నా ముందటనే గద, వీడు కుంటుతుండు, ఈ పిచ్చోళ్ళకు సమజైతలేదు, నేనొక్కణ్నే తీసేస్తున్న అని మురిసినవ్?”

“గట్ల అన్నానా నేను?”

“అన్నవ్. రెండుసార్లన్నవ్. నాకేం తెలుసు ఆ ఆట, నువ్వన్నది చెప్తున్న.”

 నేను నమ్మలే. ఆమె వేరే వారం ముచ్చట దీంట్ల కలుపుతుందనుకున్న.

ఇంకోదిక్కు నేను మంచిగ చేసినయి గూడ ఉన్నయి. సంక్రాంతి దాటినంక ఒక వింగర్‌ను తెచ్చుకున్న. రెండు మ్యాచులల్ల వరుసగ గోల్ కొట్టిండని, వాని కోసం మంచి మిడ్‌ఫీల్డర్‌ను తీసేసిన. వాడు వచ్చిన వారమే గోల్ కొట్టిండు. ఇగ చూడు, నేను మా లీగోళ్ళ ఫోన్ గ్రూపుల ఊకోలే. “కన్నుండాలె, కన్ను” అని రాసిన. అదే బావ ఒక డిఫెండర్‌ను తెచ్చుకుంటే, వాడు రెండు గోల్స్ కొడితే మాత్రం, “గుడ్డోడు రాయేస్తే పిట్ట పడ్డట్టు” అని రాసిన. నా తెలివికి నేనే మురిసిన ఆ రోజు.

సీజన్ అయిపోయిన వారం స్కూళ్ళకు సెలవులు. బావకు పని లేదు. పొద్దుగాల టిఫిన్ చేసి వచ్చి నా దుకాణంల ఫ్యాన్ కింద కూసుంటడు. వచ్చినోళ్ళకల్ల చెప్తడు, “ఈ సారి కప్పు నాదే, ప్లానింగ్ ఉండాలె.” ఎరువు బస్తాల కోసం వచ్చినోళ్ళకు ఏం కప్పో, ఏం ప్లానింగో తెల్వదు. అయినా తలకాయ ఊపి పోతున్నరు. నాకు లోపల లోపల మండుతుంది.

గట్లున్న రోజులల్లనే కుల్చారం దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు. మాకు పాత గిరాకి, కాకా అంటుంట. వచ్చుడు వచ్చుడే తువ్వాల తీసి కౌంటర్ మీద కొట్టిండు.

“ఏం ఇత్తనమిచ్చినవ్ సేటూ నాకు? తాలే తాలు. ఎకరం కోస్తే సగం పొల్లు పోయింది. గిట్లనా జేసేది?”

“కాకా, జర కూసో. నారు ఎప్పుడు పోసినవ్?”

“ఎప్పుడు పోస్తేంది? ఇత్తనం ఖరాబున్నది.”

“ఆలస్యంగ పోసినవ్. మీ బోరు మోటర్ కాలిపోయిందని నువ్వే చెప్పినవ్ గద. ఆలస్యమైతే వరి ఈనే టైముకు ఎండలు ముదురుతయి. గందుకే తాలు పోయింది. పోయిన యాసంగికి గూడ ఇదే ఇత్తనం తీస్కపోయినవ్. మంచిగ పండింది. అప్పుడొచ్చి ఇత్తనం మంచిగుందన్నవా నాతోని?”

కాకా తువ్వాల భుజం మీద వేసుకున్నడు. “అప్పుడంటే నేను మంచిగ చేసుకున్న గద!”

నాకు కోపం ఆగలే. “అంటే పండితే నీ రెక్కల కష్టం, పండకపోతే నా ఇత్తనమా? ఇదేం న్యాయం కాకా? ఆనాడు ఏం చేసినవ్, ఎట్ల చేసినవ్ అని చూడాలె గని, ఆఖర్ల ఏమొచ్చిందని చూసి మాట్లాడితే ఎట్ల?”

కాకా గొణుక్కుంట పోయిండు. ఫ్యాన్ కింద చప్పుడొస్తే మళ్ళిచూసిన. బావ కడుపు పట్టుకొని నవ్వుతుండు.

“ఏమైంది?” అన్న.

“ఏం లేదు బామ్మర్ది. ఆ ఆఖరి మాట జర మళ్ళొకసారి చెప్పు. రికార్డ్ చేసుకుంట. నీ టీమ్‌కు వినిపిస్త.”

“వరి వేరే, ఇది వేరే.”

“ఎట్ల వేరే? నువ్వు గెలిస్తే కన్ను. నేను గెలిస్తే గుడ్డోడు. ఆ ముసలాయననేమో తిట్టినవ్.”

నేను విత్తనాల సంచులు అటిటు జరిపిన.  ఆ మాటతోని ఇంకింత మండింది. ఎవడన్న మనది తప్పంటే ఒక బాధ. గెలిచినోడు పక్కన కూసొని తప్పని చూపెడితే పది బాధలు.

ఆ ఆదివారం చర్చి అయినంక అందరం అక్కోళ్ళ ఇంట్ల అన్నానికి కూసున్నం. కోడికూర, బగారన్నం. సగం తిన్నంక బావ మళ్ళ మొదలుపెట్టిండు. “ఆ శనివారం నేను కెప్టెన్‌ను మార్చలే చూడు, అది అనుభవం. అందరు భయపడ్డరు. నేను భయపడలే.”

“అనుభవం గాదు, తోకా గాదు. నసీబు. నీ నసీబు మంచిగుండె, నాది ఖరాబుండె. గంతే” అన్న.

“ఏడాది మొత్తం నసీబేనా?”

“ఏడాది మొత్తం నసీబే.”

“మరి నీ వింగర్?”

“అది తెలివి.”

మా ఆమె తలకాయ కిందికేసుకొని నవ్వింది. బావ కంచం జరిపిండు. “నువ్వు ఓడిపోయినవ్, ఒప్పుకునే దమ్ము లేదు” అన్నడు. “నీకు గెలిచే దమ్ము లేదు, ఊకె గెలిచినవ్” అని నేనన్న. గొంతులు పెరిగినయి. పక్కింటోళ్ళు కిటికి తెరిచింది గూడ విన్న.

మా అక్క ఊకుంటదా. అక్క కౌడిపల్లి దిక్కు సర్కారు బడిల లెక్కల టీచర్. ఇంట్ల గూడ ఆమె గొంతు బ్లాక్‌బోర్డు ముందటి గొంతే. “ఇద్దరు నోర్లు ముయ్యుండ్రి” అన్నది. “ఎవనిది తెలివో, ఎవనిది నసీబో మీరెట్ల చెప్తరు? మీ పేపర్ మీరే దిద్దుకుంటున్నరు. ఆన్సర్ పక్కన మార్కులు ముందే ఏసి ఉన్నయి, పేరు గూడ రాసి ఉన్నది. గట్ల దిద్దితే ఎవడన్న సక్కగ దిద్దుతడా? మేం పదో తరగతి పేపర్లు దిద్దనీకి స్పాట్‌కు పోతం. పిల్లగాని పేరుంటదా దాని మీద? ఉండదు. వట్టి కోడ్. వాడు కలెక్టర్ కొడుకో, కూలోని కొడుకో నాకు తెల్వదు. లెక్క ఎట్ల చేసిండో అదే చూస్త.”

“మరి మాది గూడ గట్ల దిద్దు” అన్నడు బావ, నవ్వుకుంటనే. తనకేం భయం లేదని ఆ నవ్వు.

“దిద్దుత. ఫోన్లు ఇటియ్యుండ్రి.”

మా గ్రూపుల ఒక అలవాటున్నది. శనివారం మ్యాచుల ముందు టీమ్‌లు మూసేసేలోపల ఎవడు ఏం మారుస్తుండో, ఎందుకు మారుస్తుండో రాస్తడు. ఒకణ్నొకడు గెలికేదానికే రాస్తం గని, రాసుడైతే రాస్తం. అక్క మా ఇద్దరి ఫోన్లు తీస్కొని లోపలి రూముకు పోయింది. మేం బయట కూలర్ ముందట కూసున్నం, ఒకని మొఖం ఒకడు చూడకుంట. ఎండ మస్తున్నది. కూలర్ల నీళ్ళు అయిపోయినయి, అది వేడి గాలి కొడుతుంది. లేసి నీళ్ళు పోసే ఓపిక ఇద్దరికి లేదు.

అక్క వచ్చి కూసున్నది. “నాకు ఈ ఫుట్‌బాల్ పేర్లు నోరు తిరుగయి. అన్ని క్రికెట్ చేసిన. లెక్కల పేపర్ల మామిడిపండ్లు తీసి జామపండ్లు పెడ్తం చూడు, గట్ల. లెక్క అదే. ఎవనిదో చెప్పను, ఏమైందో చెప్పను. ఆ రోజుకు ఏం తెల్సో అదే చెప్త. చెయ్యొచ్చునా, వద్దా చెప్పుండ్రి.”

మొదటిది అడిగింది. “ఒక బౌలర్ ఉన్నడు, మస్తు వికెట్లు తీస్తడు. పోయిన మ్యాచుల భుజం పట్టుకొని మధ్యలనే పోయిండు. కోచ్ ఏం కాలేదంటుండు. ఆ కోచ్ ఇంతకుముందు వేరేటోళ్ళ ముచ్చట్ల గిట్లనే అంటే వాళ్ళు ఆడలే. ఇప్పుడు ఈయననే కెప్టెన్ పెడ్తరా?”

నేను ఆలోచన చేసిన. “పెట్ట. ఇంకెవడన్న మంచోడుంటే వాణ్ని పెడ్త.”

బావ తొందరగనే అన్నడు, “పిచ్చోడు పెడ్తడు. భుజం నొస్తున్నోణ్ని కెప్టెన్ పెడితే నీ వారం మునిగినట్టే.”

అక్క రెండోది అడిగింది. “ఒక బ్యాట్స్‌మన్ వరుసగ రెండు మ్యాచులు కొట్టిండు. అంతకుముందు ఏం లేదు. వాని కోసం ఏడాది పొడుగున నిలకడగ ఆడుతున్నోణ్ని తీసేయాలె. ఈ నిలకడగలోడు ఈ మధ్య కొట్టలేదు గని, ముందట వానికున్న మ్యాచులన్ని కమ్జోర్, బలం లేని టీమ్‌లతోనే. మారుస్తరా?”

“గాడిద పని” అన్న నేను. ఇంత గట్టిగ ఎందుకన్ననో తెల్వదు. “రెండు మ్యాచులు చూసి ఉరికేటోడు ఎప్పుడు బాగుపడడు.”

బావ “ఊపున్నోణ్ని తెచ్చుకోవచ్చు” అన్నడు గని, అంత నమ్మకంగ అనలే.

మూడోది. “ఒక టీమ్‌ల ఓపెనర్‌కు దెబ్బ తాకింది. కింద ఆడే ఒకణ్ని పైకి పంపుతున్నరు. పేపర్లల్ల ఎవరు రాస్తలేరు. వాణ్ని తెచ్చుకుంటరా?”

“తెచ్చుకోవాలె” అన్న. “గిది చూసినోడు నిజంగ ఆట చూస్తుండు. దీంట్ల తెలివున్నది.”

ఇంక రెండు మూడు అడిగింది గని నాకు అవి యాదికి లేవు.  అక్క మొఖం చూస్తే నాకు చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డు యాదికొస్తది.

“చెప్తున్న, ఇనుండ్రి” అన్నది. “గాడిద పని అన్నవ్ చూడు, అది నీదే. నీ కన్నుండాలె కన్ను.”

బావ తొడ కొట్టుకున్నడు. అక్క చెయ్యి చూపి ఆపింది. “తెలివున్నది అన్నవ్ చూడు, అది మీ బావది. పెనాల్టీ కిక్‌లు కొట్టేటోనికి దెబ్బ తాకితే ఆ పని ఈ డిఫెండర్‌కిచ్చిన్రంట. ఆయన ముందే రాసిండు ఈడ, నేను సదివిన. నువ్వు గుడ్డోడు రాయేసిండు అని రాసినవ్.”

“అగో!” అన్నడు బావ. “ఇన్నవా బామ్మర్ది, నీ నోటితోనే అన్నవ్!”

“ఆగు నువ్వు. పిచ్చోడు పెడ్తడు అన్నవ్ చూడు. ఆ పిచ్చోనివి నువ్వే.”

 బావకు సమజు కానీకి టైమ్ పట్టింది. నాకు మాత్రం అక్క మాట పూర్తి గాకముందే సమజైంది. ఆ శనివారం. ఆ స్ట్రైకర్. తొడ తీసి భుజం పెట్టింది గంతే.

“అట్ల గాదు” అన్నడు బావ. “నువ్వు భుజం అన్నవ్. భుజం వేరే, తొడ వేరే.”

“తొడ ఇంక ఖరాబు. ఉరికే ఆటల తొడ నొస్తే ఎట్ల ఆడుతడు?”

“నువ్వు అడిగిన తీరుల్నే వద్దన్నట్టు అడిగినవ్.”

“రీవాల్యుయేషన్ కావాల్నా? కావాలంటే అప్లై చేసుకో.”

బావ మొఖం ఎర్రగైంది. సగం ఏడాది ఆయన అందరికి చెప్పుకున్నది ఆ ఒక్క శనివారం ముచ్చటే. స్టాఫ్‌రూముల చెప్పిండు, పెండ్లిళ్ళల్ల చెప్పిండు, నా దుకాణంల ఎరువు కొననీకొచ్చినోళ్ళకు చెప్పిండు. లేసి నిలబడి, “అయినా కప్పు నాదే” అన్నడు. “ఎవలు గుంజుకుంటలేరు” అని అక్క అన్నది. ఆయన లోపలికి పోయి పండుకున్నడు. చాయ్‌కి పిలిస్తే రాలే.

నేను సంతోషపడాలె గద. నేను చేసిందే కరెక్టని తేలింది, అది గూడ బావ నోటితోనే తేలింది. కని సంతోషం రాలే. కరెక్టు పనిని తప్పని పట్టుకొని సగం ఏడాది నన్ను నేను తిట్టుకున్న. ‘ముందే తెల్సు’ అని అబద్ధం చెప్పుకున్న. మా ఆమె అన్నదే నిజం. ఆనాడు నాకు తెల్సింది ఒక్కటే, వాని కాలు మంచిగ లేదని. ఆ తెల్సినదాన్ని బట్టి మంచిగనే చేసిన. అయినా మునిగిన. మరి కోపం ఎవని మీద తియ్యాలె? తప్పు చేసినంటే దిద్దుకోవచ్చు. తప్పు లేకుంట ఓడితే ఆ కోపానికి చోటే లేదు. నేను మురిసిన వింగర్ ముచ్చటేమో గాడిద పనాయె. దాంట్ల గోల్ వచ్చింది కాబట్టి కన్నయింది. ఆ తర్వాత వాడు చాన రోజులు ఉత్తగనే ఉన్నడు, నేను తీసేసిన మిడ్‌ఫీల్డరేమో వారం వారం పాయింట్లు తెచ్చిండు. అది నేనెన్నడు లెక్క పెట్టలే.

పోదామని లేస్తుంటే అక్క ఫోన్ చేతికిచ్చుకుంట అడిగింది, “ఒకటి అడుగుత. నీ మార్పులన్ని ఆదివారమే ఉన్నయేందిరా? మీ బావయి శుక్రవారం, శనివారం ఉన్నయి.”

“ఆదివారం మ్యాచులు అయిపోతయి గద. పాయింట్లు రాకపోతే కడుపు మండి, రానోణ్ని అప్పుడే తీసేస్త.”

“కోపంల పేపర్లు దిద్దుతున్నవన్నట్టు.”

“అంత లేదు గని...” అన్న. ఫోన్ జేబుల ఏసుకొని గేటు దాటిన.

జూన్ల వానకాలం విత్తనాల గిరాకి. పొద్దంత నిలబడే ఉండుడు. అయినా మధ్యాహ్నం జర ఖాళీ దొరికితే ఫోన్ తీసి పాత వారాలు చూసుకున్న. అక్కను మళ్ళ అడిగితే, “ఒక్కసారి దిద్దిన, ఇగ నాతోని కాదు, బడి తెరిస్తే నా పిల్లల పేపర్లే నాకు సరిపోతయి” అన్నది. గందుకే ఒక్కణ్నే చూసుకున్న. ఒక్కడు చూసుకునుడు అయ్యే పని గాదు. ప్రతిదాని కింద నా పేరు కనబడ్తది. ఏమైందో ముందే తెల్సు. గోల్ వచ్చిన మార్పు మంచి మార్పులెక్కనే కనబడ్తది, రానిది ఖరాబులెక్క. చేత్తోని కింది సగం మూసి, ఆ రోజు ఏం రాసిననో అదొక్కటే సదివి, మంచిదా కాదా అనుకొని, అప్పుడు చెయ్యి తీసిన. అయినా మనసు దొంగ, వేళ్ళ సందుల నుంచి చూస్తది.

గట్ల చూడంగ చూడంగ ఒకటి బయటపడ్డది. అక్క అన్నదే. ఆ పెద్ద శనివారం చుట్టు తిరుగుకుంట నేను చిన్న చిన్న ఆదివారాలను ఎన్నడు చూడలే. ఓడిన కోపంల ఒకణ్ని తీసుడు, శుక్రవారం అయ్యేసరికి తెచ్చినోనికి దెబ్బ తాకిందని వార్త వచ్చుడు, వాణ్ని తీయనీకి పాయింట్లు కట్టుడు. ఒక్కొక్కటి చూస్తే ఏం లేదు, చీమ కుట్టినట్టు. ఏదీ నొయ్యలే కాబట్టి ఏదీ యాదికుండలే. కని నన్ను కిందికి గుంజింది అవే. తేలు ఒకటే కుట్టిందని నెలల తరబడి లొల్లి చేసిన, చీమల పుట్ట మీద కూసొని.

నాకు ఇది తెల్సిన రోజు గూడ సంతోషం కాలే. నిజం చెప్తున్న, ఆ స్ట్రైకరే నన్ను ముంచిండంటే మంచిగుండె. చెప్పుకోనీకి ఒక ముచ్చటుండె. ఇదేం ముచ్చట? ఆదివారం ఆదివారం కోపమొచ్చి ఓడిపోయిన అంటే ఎవడింటడు?

బావ కొన్నాళ్ళు దుకాణంకు రాలే. బడి తెరిచినంక ఒకనాడు సాయంత్రం బండి ఆపి, దిగకుంటనే అడిగిండు, “కొత్త సీజన్ ఆడుతున్నవా, లేదా?”

“ఆడుత.”

“రెవ్యూలు, స్పాట్‌లు ఉండయి గద?”

“నీకొద్దంటే నీదొద్దు. నాది నేను చూసుకుంట.”

“గంతే. ఆటను ఆటలెక్క ఆడాలె” అన్నడు బండి స్టార్ట్ చేసుకుంట. కని అక్క తర్వాత నాతోని చెప్పింది. టీమ్ మూసేసే ముందు ఆయన ఆమె పక్కన వచ్చి కూసుంటుండంట. “ఊకెనే అడుగుతున్న. ఒక బ్యాట్స్‌మన్ ఉన్నడు, మోచేతికి దెబ్బ తాకింది, అనుకో...” అని. “నువ్వేం చెప్తవ్?” అన్న నేను. “కూరగాయలు తెమ్మని పంపిస్త” అన్నది.

కొత్త సీజన్ల నేను ఆదివారం ఏం ముట్టుకోవద్దని పెట్టుకున్న. శుక్రవారం దాంక ఆగాలె. ఎందుకు మారుస్తున్ననో మ్యాచు ముందే రాయాలె, అయినంక ముందు అది సదివి, ఆ తర్వాతే పాయింట్లు చూడాలె. చెప్పనీకి మంచిగనే ఉన్నది. చేసేటప్పుడు తెలుస్తది. ఆదివారం వచ్చిందంటే నా బొటనవేలు దానంతటదే ఫోన్ మీదికి పోతది. ఒకసారి ఆగలేక ఒకణ్ని తీసేసిన, వాడు మళ్ళ వారం రెండు గోల్స్ కొట్టిండు. ఆరోజు గూడ నోట్ల నుంచి మొదట వచ్చింది, “నసీబు ఖరాబు” అనే. ఆ తర్వాత, ఒక చాయ్ తాగినంక, కాదు, కోపంల తీసిన అని ఒప్పుకున్న. ఒప్పుకునేసరికి చాయ్ గూడ చేదైంది.

ఇప్పుడు మళ్ళ చలికాలం. నేను పాయింట్ల టేబుల్ల మధ్యల ఉన్న. కిందికైతే లేను. బావ నా కంటె పైననే ఉన్నడు. పోయిన వారం కెప్టెన్‌ను రెండు రోజులు ఆలోచన చేసి పెట్టిన. కాలు మంచిగున్నది, ఎదురు టీమ్ కమ్జోర్‌గున్నది, కోచ్ మాట నమ్మేటట్టే ఉన్నది. మ్యాచుల వాడు కొట్టిన బాల్ పోల్‌కు తాకి బయటికొచ్చింది. ఒకసారి గాదు, రెండుసార్లు. నాకు వాడు తెచ్చింది ఏం లేదు.

మా ఆమె నా మొఖం చూసి అడిగింది, “ఏమైంది? ఈ సారి మంచిగ చేస్తున్న అంటివి?”

“మంచిగనే చేసిన.”

“మరి?”

“మరి ఏం లేదు. మంచిగనే చేసిన.”

ఆమె ఇంకేమన్న అంటదేమోనని చూసిన. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తనే ఉన్నది. నేను పోయి పక్కన కూసొని ఇన్ని కాయలు నా దిక్కు జరుపుకున్న. ఈనె తీస్తుంటే సగం కాయ దాంతోనే తెగొస్తుంది. “జర మెల్లగ తియ్యి, కాయ మీదెందుకు కోపం” అన్నది.